మూత తీసిన గొట్టం

పల్లిగట్టు రక్తశుద్ధి కేంద్రం, దినచర్య పుస్తకం. రాస్తున్నది టెక్నీషియన్ నూకరత్నం.

నమోదు 1. బుధవారం. ట్యాంకులో 2,900 లీటర్లు.

పాత పుస్తకం నిండిపోయింది, ఇవాళ కొత్తది మొదలుపెట్టాను. ప్రతి కేంద్రంలోనూ చేతిరాత పుస్తకం ఒకటి ఉండాలని రూలు. రూలైతే ఉంది గానీ చదివే నాథుడు లేడు. పైవాళ్లకి త్రాసు, అంటే ఎవరికెన్ని నీళ్లో తేల్చే కంప్యూటరు, చూపించే అంకెలు చాలు. అంచేత ఇందులో నిజాలు రాసుకోవచ్చు.

పొద్దున్న ఆరింటికి నీళ్ల రైలు వచ్చింది. సముద్రం లోపలికి జరిగి బోర్లన్నీ ఉప్పగా మారాక మా జిల్లాకి మంచినీళ్లు రైల్లోనే వస్తున్నాయి. ఒక మనిషి రక్తాన్ని నాలుగు గంటలు కడగడానికి నూట యాభై లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి వారం రోజుల నీళ్లు అవి. అందుకే మా పేషెంట్లు రైలు దగ్గర బిందెలతో నిలబడ్డ వాళ్ల పక్కనుంచి తల దించుకుని వస్తారు. రోగం వచ్చింది వాళ్లకి, సిగ్గుపడేదీ వాళ్లే.

పదకొండు మంది పేషెంట్లు, రెండు మిషన్లు, నేను. ఒక్కొక్కరికీ వారానికి మూడు తడవలు. ఆ మూడో తడవ మీదే పైవాళ్ల కన్ను.

కిడ్నీలు పోయిన ఒంట్లో పులుపు పేరుకుంటుంది. దాన్ని విరిచే సోడా రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకెను బైకార్బ్ అంటాం. మామూలు మనిషికి ఇరవై నాలుగు. పద్దెనిమిదికి దిగితే ఆయాసం, కండ కరగడం, ఎముక గుల్లబారడం. ముప్పై అయిదు దాటితే వేళ్లు కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పుతుంది. ప్రతి బుధవారం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి మూత బిగించి పరీక్ష చేసే పెట్టెలో పెడతాను. పెట్టె చదివిన అంకె నా కంటబడే లోపే జిల్లాకి, త్రాసుకి వెళ్లిపోతుంది.

నిరుడు ఒక సర్క్యులర్ వచ్చింది. అంకె ఇరవై రెండు దాటి నాలుగు వారాలు నిలబడిన మనిషికి మూడో తడవ ఆపేయాలని. కింద ఇంకో ముక్క కూడా ఉంది, 'ఈ నిబంధన పేషెంట్లకు తెలియరాదు, తెలిస్తే కావాలని అంకె పాడుచేసుకుంటారు' అని. పథ్యంగా ఉండి, మాత్రలు మానకుండా వేసుకుని, అంకె బాగా నిలబెట్టుకున్న పుణ్యానికి సూరీడమ్మ అనే ఆవిడకి మొట్టమొదట ఆపేశారు. మూడు నెలల్లో పోయింది. బుద్ధిమంతురాలికి దక్కిన బహుమతి.

అప్పట్నుంచీ నేనొక పని చేస్తున్నాను. గొట్టం మూత తీసి గంటసేపు బల్లమీద వదిలేస్తాను. రక్తంలోని గాలి కొంత ఎగిరిపోయి అంకె మూడో నాలుగో పడిపోతుంది. ఇరవై మూడు పంతొమ్మిదవుతుంది, మూడో తడవ నిలబడుతుంది. అంకె మంచిగా ఉన్న నలుగురికే ఇలా చేస్తాను. వాళ్లకి కూడా చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఆ నలుగురిలో ఒకడైన గవరయ్య మావ. రైలుకట్ట దగ్గర బజ్జీల బండి ఆయనది. నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న చెబితే సాయంత్రానికి బజ్జీతోపాటు ఊరందరికీ పొట్లం కట్టి ఇచ్చేస్తాడు.

ఇవాళ గోడమీద కొత్తగా బిగించిన బోర్డులో ఆయన పేరు ఎదురుగా పంతొమ్మిది, ఎర్రదీపం. ఇరవై వస్తే పసుపు, ఇరవై నాలుగు వస్తే ఆకుపచ్చ.

"ఓలమ్మా, ఎర్రదీపమేటి రత్నమ్మా? పరీచ్చ తప్పీసినట్టున్నాను."

"ఏటీ పర్వాలేదు మావా. ఎర్రగున్నా బాగానే ఉన్నావు."

"ఎర్రగుంటే బాగుండీది బజ్జీ, మడిసి కాదు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం సూది గుచ్చుతున్నంతసేపూ ఆ దీపం వైపే చూశాడు.

నమోదు 7. బుధవారం. 2,750 లీటర్లు.

కొత్త సర్క్యులర్. ఇకమీదట మిషన్ నీళ్లలో సోడా పాళ్లు కూడా త్రాసే నిర్ణయిస్తుందట. బుధవారం అంకె ఇరవై రెండుకి తక్కువుంటే వచ్చే వారం ఒక పాయింటు పెంచుతుంది. ఇన్నాళ్లూ డాక్టరుగారు పెట్టివెళ్లిన ముప్పై రెండే నడిచింది. ఆయన్ని తీసేసి ఏడాదైంది.

చదివి కాసేపు ఆలోచించాను. నా దొంగ అంకె చూసి త్రాసు ఆ నలుగురికీ సోడా పెంచుతుంది. ఒకటి రెండు పాయింట్లకి కొంప మునగదు. మూడో తడవ పోతే మాత్రం మునుగుతుంది. అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చేత్తో పాళ్లు తగ్గించే తాళం నా దగ్గరుంది. తగ్గించిన ప్రతిసారీ కారణం రాయాలి. ఒక్క నెలలో మూడుసార్లు తిప్పితే తనిఖీకి మనిషొస్తాడు. వచ్చినవాడికి బల్లమీద మూతలేని గొట్టాలు కనిపిస్తాయి.

నమోదు 19. బుధవారం. 2,810 లీటర్లు.

గవరయ్య మావ బరువు కిలోన్నర ఎక్కువుంది. దాహం వేసి నీళ్లు తాగేస్తున్నాడన్నమాట. తిట్టాను.

"నీ బజ్జీలు నువ్వే తినీస్తన్నావు కదూ? ఉప్పు ముట్టొద్దన్నానా లేదా?"

"నీ పాదాల సాచ్చి, బజ్జీ నోట్లో ఎట్టి ఆరు నెల్లయింది."

"మరి ఈ దాహమెక్కడిది?"

"ఎండలమ్మా," అన్నాడు. తరవాత మెల్లిగా, "నా అంకె పెరిగిందా?" అని అడిగాడు.

గంట ఆరబెట్టిన గొట్టంలో ఇరవై వచ్చింది. దీపం పచ్చబడింది. పసుపుపచ్చే, ఆకుపచ్చ కాదు. అయినా చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. సోడా పాళ్లు ముప్పై నాలుగు.

నమోదు 31. బుధవారం. 2,300 లీటర్లు, రైలు ఆలస్యం.

గంట ఆరబెట్టినా గవరయ్య మావ అంకె ఇరవై రెండున్నర చూపించింది. ఇలాంటివి నాలుగు వారాలు వస్తే ఆయన మూడో తడవ గోవిందా. మిగిలిన ముగ్గురికీ ఎప్పటిలాగే ఇరవై లోపే. వానలు మొదలయ్యాయి, గాలిలో తేమ ఎక్కువై గొట్టం సరిగ్గా ఆరడం లేదనుకున్నాను. వచ్చే వారం గంటన్నర వదలాలి.

అసలు ఆయన నిజమైన అంకె ఎంతో నాకు తెలీదు. మూత బిగించి చదివితే ఆ అంకె త్రాసుకి వెళ్లిపోతుంది. అబద్ధం చెప్పడం మొదలుపెట్టాక నిజం నాక్కూడా కనపడకుండా పోయింది.

నమోదు 39. శుక్రవారం. 2,640 లీటర్లు.

మూడో గంటలో గవరయ్య మావ కుడిచెయ్యి కొంకర్లు పోయింది. వేళ్లన్నీ ఒకచోటికి ముడుచుకున్నాయి. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందన్నాడు. నా తాళంతో సోడా పాళ్లు తగ్గించాను. అరగంటకి సర్దుకుంది. కారణం దగ్గర 'నొప్పులు' అని రాశాను. ఈ నెలలో ఒకటి.

పక్క మంచం మీద ఎండుచేపలమ్మే ఎర్రమ్మ పడుకుని ఉంది. ఆ నలుగురిలో ఆమె కూడా ఒకర్తి. మాట కత్తిలా ఉంటుంది.

"నా కాళ్లు కూడా రాత్రి పీకీస్తన్నాయి రత్నమ్మా. ఏటి కలుపుతున్నారు మాకు? ఇడ్లీ పిండి పొంగించినట్టు పొంగించీస్తన్నారు."

నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా నిజం చెప్పాల్సిన రోజు అది.

నమోదు 45. శుక్రవారం. 2,700 లీటర్లు.

మళ్లీ కొంకర్లు. మళ్లీ తగ్గించాను. రెండు. త్రాసు ఈయనకి ముప్పై ఏడు దాకా పెంచుకుంటూ పోయింది. వచ్చే వారం ముప్పై ఎనిమిది, దాని గరిష్ఠం నలభై. నెల తిరగడానికి ఇంకా పది రోజులుంది. ప్రాణం మీదికొస్తే తప్ప మూడోసారి తాళం తిప్పకూడదని ఒట్టేసుకున్నాను.

నమోదు 49. బుధవారం. 2,520 లీటర్లు.

గవరయ్య మావ గొట్టం రెండు గంటలు వదిలితే గానీ ఇరవై ఒకటికి దిగలేదు. అమ్మయ్య అనుకున్నాను. పుస్తకంలో అబద్ధం రాయనన్నాను కదా, అమ్మయ్యనే అనుకున్నాను.

నమోదు 51. శుక్రవారం. 2,480 లీటర్లు.

గవరయ్య మావ పోయాడు.

ఆరింటికి వచ్చాడు. కొత్తగా అరటికాయ బజ్జీలో వాము ఎక్కువేస్తున్నాననీ జనం ఎగబడుతున్నారనీ చెప్పాడు. రెండో గంట నిండేసరికి వేళ్లు మొదలయ్యాయి. నా చెయ్యి తాళం మీదికి వెళ్లింది. పది నిమిషాలు చూద్దాం, మూడోది దాచుకుందాం అనుకున్నాను. ఆ పది నిమిషాల్లోనే తెరమీద గుండె గీత చిందరవందరైపోయింది. మిషన్ ఆపి ఛాతీ నొక్కాను. కరెంటు షాకు ఇచ్చాను. ఎర్రమ్మ తన సూదులతోనే లేచి కూచుని "ఓ గవరయ్యా, లెగరా" అని అరుస్తూనే ఉంది. నలభై నిమిషాలు నొక్కాను. ఇంక లేడు.

ఛాతీ నొక్కుతున్న మధ్యలోనే రక్తం తీసి మూత బిగించి పెట్టెలో పెట్టాను. ఏడాదిలో ఆయన గొట్టానికి మూత పెట్టడం అదే మొదటిసారి. నలభై ఒకటి వచ్చింది.

మిషన్ సోడా ఒక్కటే అయితే అంత రాదు. ఎలా లెక్కేసినా రాదు.

నిమిషంలో త్రాసు జవాబిచ్చింది. 'గత అంకెలతో పొసగడం లేదు. శాంపిల్ లోపం. మళ్లీ తీయండి.' ఏడాదిపాటు నా దొంగ అంకెల్ని కళ్లకద్దుకుని తీసుకుంది. నిజం చెప్పిన ఆ ఒక్క రోజు మాత్రం నమ్మలేదు.

నమోదు 53. సోమవారం. 2,900 లీటర్లు.

జిల్లా సమన్వయకర్త చిన్నంనాయుడు గారు తెరమీదికి వచ్చారు. మరణం గుండెపోటు కింద, ఆ నలభై ఒకటి శాంపిల్ లోపం కింద మూసేశామన్నారు.

"లోపం కాదండీ," అన్నాను. "అదే నిజం. అంతకు ముందువే అబద్ధం. నేను గొట్టం మూత తీసి..."

"రత్నం గారూ, ఆగండి." ఆయన అటూ ఇటూ చూశారు. "మీరన్నది నాకు వినపడలేదు. వినపడితే మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది, ఆ కేంద్రం మూసేస్తారు. మీ పేషెంట్లు అరవై కిలోమీటర్లు వెళ్లాలి. చెప్పండి, వినమంటారా?"

వద్దన్నాను. వెళ్లబోతూ, వచ్చే నెల నీళ్ల పొదుపు అంచనాలో మా కేంద్రం మొదటి స్థానంలో ఉందని అభినందించారు. ఇకనుంచి వారానికి నాలుగు వందల యాభై లీటర్లు మిగులుతాయట. గవరయ్య మావ మూడు తడవలవి.

నమోదు 54. మంగళవారం. 2,860 లీటర్లు.

మధ్యాహ్నం గవరయ్య మావ భార్య వరాలత్త వచ్చింది. ఆయన దుప్పటి, చెప్పులు ఇక్కడే ఉండిపోయాయి. దుప్పటి మడత పెడుతూ అడిగింది.

"వొంటసోడా తింటే మడిసి పోతాడేటమ్మా?"

"ఎవరు తిన్నారు?"

"పిండిలోకి తెచ్చిన సోడా బేగి బేగి అయిపోతుంటే ఎలకలేమో అనుకున్నాను. నిన్న ఆయన సొక్కాలు తీస్తుంటే జేబుల్నిండా పొట్లాలే. పొద్దుటేల ఓ సెంచా, రేత్రేల ఓ సెంచా గ్లాసులో కలుపుకుని తాగీసీవోడంట. పక్కబండి గుంటడికి సెప్పినాడు. ఎర్రదీపమంటే వొంట్లో సోడా తక్కువనంట, అది పోగొట్టాలంట. 'రత్నమ్మ నాకోసరం బెంగెట్టుకుంటంది, అడిగితే తిడతాది, ఆకుపచ్చ చేసి సూపిస్తాను' అన్నాడంట."

కుర్చీ లాక్కుని కూచున్నాను. ఆ కిలోన్నర బరువు, ఆ దాహం, ఎంత ఆరబెట్టినా దిగని అంకె, అన్నీ వరసగా వచ్చి నా ఎదుట నిలబడ్డాయి. ఒంట్లో సోడా పెరుగుతోందని ఆ గొట్టం వారం వారం మొత్తుకుంది. నేను దాన్ని ఇంకో అరగంట, ఇంకో అరగంట ఆరబెట్టి నోరు నొక్కాను. ఇటు ఆయన తాగాడు, అటు త్రాసు ఎక్కించింది, మధ్యలో నేను రెంటికీ కళ్లు కప్పాను.

అంతా చెప్పేశాను. ఎర్రదీపం అబద్ధమని, అది నేను వెలిగించిందేనని, మూడో తడవ నిలబెట్టడానికని. అత్త దుప్పటి ఒళ్లో పెట్టుకుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"మా మంచికే సేసినావు," అంది. "మరి మాకెందుకు సెప్పలేదు?"

"మావ ఎవరికైనా చెప్పేస్తాడని."

"నోట్లో నువ్వుగింజ నానదని." ఆమె లేచి నిలబడింది. "రెండు నెల్లు, ఒక్క మంచమ్మీద పడుకున్నదాన్ని, నాకూ సెప్పలేదు. నీకూ సెప్పలేదు. ఆడు దాసుకున్నదల్లా అదొక్కటేనమ్మా."

చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

నమోదు 55. బుధవారం. 2,770 లీటర్లు.

మిగిలిన ముగ్గురినీ కూచోబెట్టి చెప్పాను. తెలియరాదన్న సర్క్యులర్ తీసి చదివి వినిపించాను. మూత తీస్తే మూడో తడవ ఉంటుంది గానీ మిషన్ సోడా పెంచుకుంటూ పోతుంది. మూత పెడితే సోడా దిగుతుంది గానీ నాలుగు వారాల్లో మూడో తడవ పోతుంది. నా తాళం నెలకి రెండు తిప్పులు, ముగ్గురికీ సరిపోదు. మీరేమంటే అది చేస్తాను.

ముందు ఎర్రమ్మే అంది.

"గవరయ్య పక్కమంచం మీద నానే ఉన్నాను. ఆ ఏళ్లు కొంకర్లు పోడం సూసినాను. అలగ వొద్దు. మూత బిగించీ. పోతే మెల్లిగా పోతాను, ఈలోగా కూతురి పెళ్లి చేసీవొచ్చు."

తతిమ్మా ఇద్దరూ తలూపారు. మూతలు బిగించాను. ఎర్రమ్మకి ఇరవై ఏడు వచ్చింది. మరో నెల ఆగుంటే ఈమె కూడా అదే దారి పట్టేది. బోర్డు మీద ముగ్గురికీ ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. ఎవరూ సంబరపడలేదు.

నమోదు 73. బుధవారం. 2,980 లీటర్లు.

నాలుగు వారాలూ నిండాయి. ముగ్గురి మూడో తడవా పోయింది. త్రాసు ఒక చీటీ ముద్రించి ఇచ్చింది, 'మీ ఆరోగ్యం మెరుగుపడినందుకు సంతోషం' అని. ఎర్రమ్మ దాన్ని చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, ఎండుచేపలు కట్టడానికి పనికొస్తుందని బుట్టలో వేసుకుంది.

నమోదు 139. బుధవారం. 3,050 లీటర్లు.

ఇప్పుడు ప్రతి అంకెనీ పైకి చదువుతున్నాను. ఎవరి దగ్గరా ఏదీ దాచడం లేదు. దాచడానికి కూడా ఏమీ మిగల్లేదు.

బోర్డు మీంచి గవరయ్య మావ పేరు తీయమని మూడుసార్లు రాశాను, తీయలేదు. ఆయన పేరు ఎదురుగా ఇంకా ఇరవై ఒకటి, పసుపు దీపం. నలభై ఒకటిని శాంపిల్ లోపమని కొట్టేశారు కాబట్టి త్రాసు లెక్కలో ఆయన చివరి అంకె అదే. నేను రెండు గంటలు ఆరబెట్టి ఇచ్చింది.

ఎర్రమ్మ ఇవాళ కూతురి భుజం పట్టుకుని వచ్చింది. పెళ్లయి పదహారు రోజులైంది ఆ పిల్లకి. ఎర్రమ్మ నాలుగు మెట్లెక్కడానికి నాలుగుసార్లు ఆగింది. చేతుల్లో కండ లేదు, సూదికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. రక్తం తీసి, ఆమె చూస్తుండగానే మూత బిగించి పెట్టెలో పెట్టాను.

"ఎంతొచ్చింది?"

"పదిహేడు."

"మూత సరిగ్గా బిగించినావా?"

"బిగించాను ఎర్రమ్మా."

"అయితే నిజంగానే పోతన్నానన్నమాట," అని నవ్వబోయింది. ఆయాసం వచ్చి ఆగిపోయింది.

నిమిషంలో చీటీ వచ్చింది. అంకె పద్దెనిమిది కంటే తగ్గినందున మూడో తడవ ఈ వారం నుంచే తిరిగి ఇస్తున్నారు. ఏ తడవ కోసం ఏడాదిపాటు నేను దొంగతనంగా గొట్టాలు ఆరబెట్టానో, ఆ తడవ రోగం ముదిరేసరికి దానంతట అదే వచ్చింది. చీటీ చదివి వినిపించాను.

"ఇచ్చీసినారా! మరి ఎప్పుడు రమ్మంటావు?"

పట్టిక చూశాను. ఆపేసిన తడవల వేళల్ని పైవాళ్లు అందులోంచే కొట్టేశారు, ఖాళీ ఉన్నది ఒక్కటే. శుక్రవారం పొద్దున్న ఆరింటికి రమ్మన్నాను. గవరయ్య మావ మంచం, ఆయన వచ్చే టైము అది.